కాన్నా దీవికి తెరచాప పడవలో

స్కాట్లండ్ పడమటి తీరంలోని మాలెగ్ రేవు నుంచి కాన్నా దీవికి ఫెర్రీ ఉంది. సందర్శకుల కార్లు ఎక్కించుకోరు గానీ, లోపల పొడిగా, వెచ్చగా కూర్చుని వెళ్ళవచ్చు. అది తెలిసి కూడా మేము నలుగురం జూన్‌లో స్కిప్పర్‌తో (పడవ నడిపే నాయకుడితో) సహా ఒక తెరచాప పడవను అద్దెకు తీసుకున్నాము.

అద్దెకిచ్చినవారి మీద ఉన్న కోపం ముందే కక్కేస్తాను. పడవ గట్టిదే, స్కిప్పర్ ఓపికమంతుడు. వాళ్ళిచ్చిన వానకోట్లు మాత్రం భుజాల దగ్గర కారుతున్నాయి. నా పడక మీది కిటికీ కూడా అంతే. మీరు వెళ్తే బయలుదేరే ముందే కోటు మీద చెంబెడు నీళ్ళు పోసి చూసుకోండి.

రమ్ అనే దీవిని (పేరు నిజంగా అదే) ఉత్తరం వైపు నుంచి చుట్టి వెళ్ళడానికి ఆరు గంటలు పట్టింది. మొదటి రెండు గంటలు బకెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాస్త తేరుకున్నాక చారు పెడదామని లోపలికి దిగాను. అక్కడి స్టవ్‌ను రెండు వైపులా ఇరుసులకు వేలాడదీశారు. పడవ ఎటు ఒరిగినా అది ఉయ్యాలలా ఊగి తిన్నగానే ఉంటుంది. నేను గోడకు అతుక్కుపోయి నిలబడితే, చారు గిన్నె మాత్రం తొణకలేదు.

సాండే అనే చిన్న దీవి అడ్డుగా ఉండటం వల్ల కాన్నా రేవులో నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి. అయితే అడుగున దట్టమైన నాచు, లంగరు సరిగా పట్టదు. అందుకే పడవలు కట్టుకోవడానికి అక్కడ నీళ్ళ మీద తేలే బోయ (తేలుడు బుంగ) ఒకటి ఉంటే దానికి కట్టుకున్నాము. పక్కనే కంపాస్ హిల్. ఆ కొండ రాతిలోని అయస్కాంత గుణం దగ్గరికొచ్చిన పడవల దిక్సూచిని తప్పుదారి పట్టిస్తుందట. మా సూది కదలిందో లేదో చూసే ఓపిక అప్పటికి ఎవరికీ లేదు.

దీవిలో ఉండేది ఇరవై మంది లోపే. దుకాణానికి కాపలా ఉండదు, తాళం వేయరు. కావలసినవి తీసుకుని, పుస్తకంలో రాసి, డబ్బు పెట్టి రావాలి. 2015లో ఎవరో చాక్లెట్లు, ఊలు టోపీలు ఎత్తుకుపోతే అది దేశమంతా వార్త అయింది. అంతకుముందు జరిగిన దొంగతనం 1960లలో, చర్చిలోని చెక్క పళ్ళెం! మేము బిస్కెట్లు కొని, చిల్లర సరిపోక పైన ఇంకో పౌను వదిలేశాము.

కాఫే చిన్నది, ముందే చెప్పి ఉంచాలి. పీతలు అద్భుతం. శాకాహారి మిత్రురాలికి దొరికింది సూపు, రొట్టె. ఒడ్డున బసలు కొద్దిగానే ఉన్నాయి, గుడారమూ వేసుకోవచ్చు. కానీ గాలి ఆగిన సాయంత్రం మిడ్జ్ అనే నలుసంత పురుగులు గుంపులుగా కమ్ముకుంటాయి. నీళ్ళ మధ్య బోయకు కట్టిన పడవ దాకా అవి రాలేదు. కారే కిటికీని అక్కడ క్షమించాను.

మర్నాడు వంతెన మీదుగా సాండే వైపు నడిచి పఫిన్ పక్షులను చూశాము. గూళ్ళను పాడుచేస్తున్న ఎలుకలను 2005 నుంచి ఏరివేసి, 2008లో దీవిని ఎలుకలు లేనిదిగా ప్రకటించారు. ఎర్రటి ముక్కులో నాలుగైదు చేపలు వేలాడదీసుకుని ఒక పఫిన్ మా ముందే బొరియలోకి దూరింది.

తిరుగు ప్రయాణంలో గాలి పూర్తిగా పడిపోయింది. ఇంజను మీదే వచ్చాము. మాలెగ్ చేరేసరికి నా కోటు ఆరింది.