అవ్వ చెంబుతోని అలంపూర్, సోమశిల

మా అవ్వ ఏ ఊరికి పోయినా గదిలోకి రాంగనే రెండు పనులు చేసేది. నల్లా తిప్పి నీళ్ళు ఎట్లొస్తున్నయో చూసేది. తలుపు గొళ్ళెం వేసి, తీసి, మళ్ళీ వేసేది. ఆ రెండూ సక్కగుంటే మంచం ఎట్లున్నా పట్టించుకునేది కాదు. ముప్పై ఏండ్లు గొళ్ళెం లేని గుడిసెల్లో, రేకుల షెడ్లల్లో బతికిన మనిషి. ఆమె సంవత్సరీకం అయినంక అమ్మా నేనూ మూడు రోజులు పాలమూరు, అలంపూర్, సోమశిల తిరిగొచ్చినం. ఏది బాగుంది, ఏది బాగలేదు అనేది ఆమె లెక్కతోనే రాస్తున్న.

మాది పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లాల కోయిలకొండ దిక్కు. వానలు పడని ఏండ్లల్లో గుంపు మేస్త్రి వచ్చి, అడ్వాన్సు చేతుల పెట్టి మొగుడూపెండ్లాలను పనికి తోలుకపోయేటోడు. దేశంలో ఏ ప్రాజెక్టు కట్టినా అక్కడ పాలమూరు లేబర్ ఉంటరని పేరు. అవ్వ పెండ్లయిన కొత్తల్లో తాతతోని శ్రీశైలం డ్యాం పనికి పోయి తట్ట మోసింది. ఆ తర్వాత బెల్గాం, పూనా, బొంబాయి, సూరత్. అమ్మ పుట్టింది పూనాలో, ఇంకా స్లాబులు పడుతున్న బిల్డింగు పక్కన గుడిసెలో. అవ్వకు చదువు రాదు. కానీ ఊరు మారినప్పుడల్లా ముందు నేర్చుకునే మాట నీళ్ళేనట. కన్నడోళ్ళను ‘నీరు’ అని, మరాఠోళ్ళను ‘పాణీ’ అని అడిగేది. ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో కూడా ఒక్కోసారి ‘పాణీ’ అనే అడిగింది.

ఆమె స్టీలు చెంబు మాతోని తీసుకపోయినం. పూనాలో కొన్నది. మూతి కింద చుక్కలు చుక్కలుగా మరాఠీ అక్షరాల్లో పేరు కొట్టించుకుంది. ఆ పేరు ఆమె ఎన్నడూ చదవలేదు. మొదటి అక్షరం పక్కన చిన్న సొట్ట ఉంటది, బొటనవేలితో తడిమి తన చెంబేనని పోల్చుకునేది.

మొదలు పిల్లలమర్రి. మహబూబ్‌నగర్ బస్టాండు నుంచి ఆటోలో దగ్గరే. ఏడువందల ఏండ్ల చెట్టంటరు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడితే జనాన్ని రానియ్యలేదు. చెదలు పట్టిన కొమ్మలకు 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిండ్రు. పేపర్లో ఆ ఫొటో చూసి అవ్వ ఎంత సంబురపడ్డదో. “మనిషికి పెట్టినట్టే పెట్టిండ్రు బిడ్డా” అని వచ్చినోళ్ళందరికీ చూపించింది. ఇప్పుడు చెట్టును ముట్టుకోనియ్యరు, అవతల నుంచే చూడాలె. అదే మంచిది. గంటన్నర చాలు, ఎండ ఎక్కకముందే పోండి.

అక్కడి నుంచి కర్నూలు దిక్కు పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కి అలంపూర్ చౌరస్తాలో దిగినం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణల ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు పైసల్లేవు కదా. అవ్వకు ఆ జీరో టికెట్ అంటే పానం. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఊరికే వనపర్తి దాకా పోయొచ్చిన రోజులున్నయి. పనికి కాకుండా ప్రయాణం చేయడం ఆమెకు అప్పుడే మొదలైంది.

అలంపూర్‌లో మేం దిగిన లాడ్జి పేరు రాయను. ఫోన్లో ఫొటోలు చూసి మోసపోయినం. గొళ్ళెం సగమే పడింది. అమ్మ తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి, దానిమీద బ్యాగు పెట్టి పండుకుంది. పొద్దున వేడినీళ్ళు రాలేదు. ఇద్దరు ఆడవాళ్ళు పోతున్నరంటే డబ్బులు కట్టకముందే గది తలుపు వేసి చూడండి.

గుళ్ళ సంగతి వేరే. నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి. పేర్లు బ్రహ్మవే గానీ లోపలున్నది శివుడు. జోగులాంబ అష్టాదశ శక్తిపీఠాల్లో ఐదోది. పాత గుడి పోయినంక అమ్మవారు బాలబ్రహ్మ ఆలయంలో ఉండేది, 2005లో కొత్త గుడి కట్టిండ్రు. గుడి చుట్టూ నీళ్ళుంటయి, లోపల చల్లగుంటది.

నేను ఎక్కువసేపు నిలబడ్డది మాత్రం సంగమేశ్వరాలయం దగ్గర. అది అక్కడి గుడి కాదు. కృష్ణా తుంగభద్ర కలిసే కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం నీళ్ళల్లో మునుగుతదని రాళ్ళు విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టిండ్రు. ఇంతకుముందు అవ్వతోని వచ్చినప్పుడు ఈ మాట చెప్తే ఆమె కదలలేదు. “ఆ నీళ్ళు ఆపిన కట్టకు తట్ట మోసింది నేనే కద” అన్నది. తర్వాత గోడ దగ్గరికి పోయి రెండు రాళ్ళ నడుమ సందులో గోరు పెట్టి చూసింది. గోరు దిగలేదు. “జోడు మంచిగ కలిపిండ్రు” అని చెంగుతోని ఆ రాయి తుడిచింది. ఈసారి అమ్మ అదే రాయి వెతికింది. దొరికిందో లేదో నేను అడగలేదు.

సోమశిల కొల్లాపూర్ అవతల. కృష్ణ ఒడ్డున గుట్టమీద కాటేజీలు. నల్లా విప్పంగనే ధారగా నీళ్ళు, గొళ్ళెం మెత్తగ జరిగింది. అమ్మ దాన్ని రెండుసార్లు వేసి తీసి, మంచమ్మీద కూసోని ఏడ్చింది. జొన్న రొట్టె, చేపల పులుసు తిన్నం, రెండూ బాగున్నయి. పడవలో లైఫ్ జాకెట్లు మేం అడిగితేనే బయటికి తీసిండ్రు, అట్ల చేయొద్దు. వానకాలం దాటినంక సంక్రాంతి దాకా నీళ్ళు నిండుగుంటయి. ఆదివారం మాత్రం పోకండి, రద్దీ.

నది నడుమకు పోయినంక పడవాయన, కింద శ్రీశైలం డ్యాం నీళ్ళల్లో మునిగిన ఊర్లున్నయని చెప్పిండు. ఇండ్లు, గుళ్ళు, చెల్కలు. అమ్మ చెంబు ముంచి ఆ నీళ్ళు తీసి, చాలాసేపు ఒళ్ళో పట్టుకుని, మళ్ళీ నదిలోనే పోసింది.

తిరుగు బస్సు కొల్లాపూర్‌లో ఎక్కినం. కండక్టర్ అడగంగనే అమ్మ పర్సులోంచి కవరు తీసి ఇచ్చింది. అందులో మూడు కార్డులున్నయి. ఆయన రెండు టికెట్లు కొట్టి, మూడో కార్డు తిప్పి చూసిండు. జనవరి 1, 1950.

“ఈ అవ్వేదమ్మా?”

“ఈసారి రాలే” అన్నది అమ్మ.