బస్సు సఫారీనా, అడవి సఫారీనా: జంతువుకు ఏది మేలు?

సఫారీలో ఊచలు కనిపించవు కాబట్టి జంతువు హాయిగా ఉందని చాలామంది అనుకుంటారు. ఆ హాయి సంగతి తేలాలంటే రెండు విషయాలు కనుక్కోవాలి. బండి దగ్గరికి వచ్చినప్పుడు ఆ జంతువు లేచి కనబడకుండా వెళ్లిపోగలదా? బండ్లు ఆగిపోయాక మిగిలిన పదహారు గంటలూ ఎక్కడ గడుపుతోంది? హైదరాబాద్ నెహ్రూ జూ నుంచి మహారాష్ట్రలోని తడోబా పులుల అడవి దాకా ఏ సఫారీనైనా ఈ రెంటితోనే తూచవచ్చు.

ముందు జూలోని బస్సు సఫారీ. హైదరాబాద్‌లో సింహాల సఫారీ 1974లోనే మొదలైంది. తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లే మరో చోటు బెంగళూరు పక్కన బన్నేరుఘట్ట. ఏర్పాటు అన్నిచోట్లా దాదాపు ఒకటే. ఎత్తైన కంచె, లోపల చెట్లు, నడుమ రోడ్డు, ప్రవేశం దగ్గర ఒకదాని వెనుక ఒకటి రెండు గేట్లు. ఒకటి మూసుకున్నాకే రెండోది తెరవాలి. సాయంత్రం మాంసం రాత్రి గదిలో పెడతారు, ఆ ఆశతోనే జంతువులు లోపలికి వస్తాయి. పెద్ద పులికైనా సింహానికైనా రోజుకు సుమారు 8 నుంచి 10 కిలోల మాంసం, వారంలో ఒకరోజు పస్తు. ఆఖరి ట్రిప్పు ఆలస్యమైందంటే ఆకలిమీదున్న జంతువులు గేటు దగ్గర అటూ ఇటూ పచార్లు చేయడం మొదలుపెడతాయి. పర్యాటకులు దాన్ని చూసి భలే చురుగ్గా ఉందని సంబరపడతారు.

బయటివాళ్లకు కనిపించని అసలు చిక్కు ఆ రాత్రి గదిలో ఉంది. కేంద్ర జూ ప్రాధికార సంస్థ లెక్కలో సింహానికి, పులికి ఆ గది కనీస కొలత 2.75 మీటర్ల పొడవు, 1.80 మీటర్ల వెడల్పు. ఒక మంచం, ఒక బీరువా పెడితే నిండిపోయేంత. రాత్రి నిద్రకు అది చాలు. కానీ పులి ఒంటరి జీవి, అన్నిటినీ ఒకేసారి బయటికి వదిలితే కొట్టుకుంటాయి. అందుకని వంతులు వేస్తారు. పన్నెండు పులులుండి రోజుకు నాలుగింటినే వదిలితే, ఒక్కో పులికి మూడు రోజులకోసారి ఎండ తగులుతుంది. గదికి ఆనుకుని కంచె వేసిన ఆరుబయలు దొడ్డి ఉంటే నయం. దాన్ని సిబ్బంది క్రాల్ అంటారు. అది లేని సఫారీ పార్కు కన్నా మామూలు జూ ఎన్‌క్లోజరే మేలని గట్టిగా చెప్పవచ్చు. జత పులులకు అక్కడ కనీసం 1000 చదరపు మీటర్లు ఇవ్వాలి. తెలంగాణ లెక్కలో పది గుంటలు, ఆంధ్ర లెక్కలో పాతిక సెంట్లు. చిన్నదే, కానీ రోజూ దొరుకుతుంది. పైగా జనం కందకానికి ఇవతలే ఆగిపోతారు.

ఒకేచోట ఎక్కువ జంతువులుంటే జబ్బులు కూడా వేగంగా పాకుతాయి. 2021 మేలో హైదరాబాద్ జూలో ఎనిమిది సింహాలకు కోవిడ్ వచ్చినట్టు సీసీఎంబీ పరిశోధనశాల పరీక్షల్లో తేలింది, అవి కోలుకున్నాయి. 2023లో బన్నేరుఘట్టలో ఏడు చిరుతపిల్లలు పిల్లిజాతికి సోకే పాన్‌ల్యూకోపీనియా వైరస్‌తో వారాల వ్యవధిలో చనిపోయాయి. టీకా వేసినా పిల్లల ఒంట్లో రక్షణ గట్టిపడటానికి సమయం పడుతుంది. వాటిని సఫారీలోకి వదలడానికి తొందరపడకూడదు.

బస్సు విషయంలో బేరం అక్కర్లేదు, అద్దాలు మూసి ఉండే ఏసీ బస్సే మంచిది. జీపు కిటికీలోంచి చెయ్యి బయటికి వచ్చిందంటే జంతువును జీపుకు అంత దగ్గరికి రానిచ్చారన్నమాట. 2025 ఆగస్టులో బన్నేరుఘట్టలో చిరుత గీరడంతో ఒక బాలుడి చేతికి గాయమైంది. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ జంతువుకే చెడ్డపేరు.

ఇక అడవి సఫారీ. తెలంగాణలోని అమ్రాబాద్ అడవిలో ఫర్హాబాద్, మహారాష్ట్రలో తడోబా, కర్ణాటకలో నాగరహొళె. మొదటి ప్రశ్నకు ఇక్కడ జవాబు బాగుంటుంది. పులికి ఇష్టం లేకపోతే పొదల్లోకి పోతుంది, ఇక కనబడదు. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2012 మార్గదర్శకాల ప్రకారం జంతువుకు 20 మీటర్ల దూరం పాటించాలి, ఒకే దారిలో రెండు బండ్ల మధ్య 50 మీటర్లు ఉండాలి, ఒకచోట 15 నిమిషాలకు మించి ఆగకూడదు.

కట్టు తప్పేది దారిమీదే. పులి పొదల్లో కంటే బండిబాట మీద నడవడానికి ఇష్టపడుతుంది. దుప్పి, కణితి హెచ్చరిక కూత వినబడగానే జిప్సీలనే సఫారీ జీపులన్నీ అటే పరిగెడతాయి. ముందు నాలుగు, వెనక నాలుగు నిలబడితే పులికి దారి మూసుకుపోతుంది. 2024 డిసెంబరు 31న మహారాష్ట్రలోని ఉమ్రేడ్-పావ్‌ని-కర్హాండ్లా అభయారణ్యంలో తల్లిపులినీ ఐదు పిల్లల్నీ సరిగ్గా ఇలాగే చుట్టుముట్టారు. బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం తనంతట తానే ఆ సంగతిని విచారణకు తీసుకుంది. పిల్లలు తల్లి నుంచి విడిపోతే పాలు, వేట రెండూ దెబ్బతింటాయి.

కాబట్టి అడవిలో కూడా చోటును ఎంచుకోవాలి. పులి తప్పకుండా కనబడుతుందని పేరుపడ్డ గేటు దగ్గరే రద్దీ. అమ్రాబాద్‌లో పులి కనబడకపోవచ్చు, ఎలుగుబంటి జాడలు, నెమళ్లు, దుప్పులతోనే తిరిగి రావచ్చు. జంతువు వైపు నుంచి చూస్తే అదే మంచి సఫారీ. ఆరుగురికి ఒక జిప్సీ కన్నా ఇరవై మందిని ఎక్కించే క్యాంటర్‌తో దారిమీద బండ్లు తగ్గుతాయి. ఫొటోలు తీసేవాళ్లకు నచ్చదు, నిజమే.

పులుల అడవి అంచున కంచె వేసి పెట్టే ‘టైగర్ సఫారీ’ వేరే సంగతి. 2024 మార్చిలో ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అడవి కేసులో సుప్రీంకోర్టు అక్కడ జూ పులుల్ని పెట్టకూడదంది. ఆ ప్రాంతంలోనే గాయపడో, తల్లిని కోల్పోయో, జనంతో తలపడో దొరికిన పులులకే చోటివ్వాలి. అలాంటి చోటైతే చూడటానికి వెళ్లవచ్చు.

ముట్టుకుని ఫొటో దిగే చోట్లను మాత్రం పోటీలోకి కూడా తీసుకోకూడదు. మనవాళ్లు థాయ్‌లాండ్ టూర్లలో పులిపిల్లను ఒళ్లో పెట్టుకుంటున్నారు. పిల్లను తొందరగా వేరుచేస్తే తల్లి తొందరగా మళ్లీ ఎదకు వస్తుంది, వ్యాపారం అక్కడే ఉంది. 2016లో కాంచనబురి ‘టైగర్ టెంపుల్’ నుంచి స్వాధీనం చేసుకున్న 147 పులుల్లో 2019 నాటికి 86 చనిపోయాయి. ఏనుగు మీద అంబారీ ఎక్కించే చోట్లదీ ఇదే వరస.

చిన్నపిల్లలు, ముసలివాళ్లు వెంట ఉంటే జూ బస్సు ఎక్కండి. ఆదివారం వద్దు, వారం మధ్యలో, పొద్దున మొదటి ట్రిప్పుకు వెళ్లండి. హైదరాబాద్ జూకు సోమవారం సెలవు. లోపల ఒకే గీతమీద తిరిగి తిరిగి గడ్డి అరిగిన బాట, చెవుల అంచుల్లో ఈగలు కుట్టిన పచ్చిపుండ్లు, పైకి తేలిన తుంటి ఎముకలు కనబడితే ఫొటో తీసి జూ అధికారి అయిన క్యూరేటర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా చెబితే ఆ మాట గేటు దాటదు.

పెద్దవాళ్లే వెళ్తుంటే అడవికే ఓటు. డ్రైవరుకు, గైడుకు బహుమానం ఇవ్వదలిస్తే బయలుదేరేముందే ఇచ్చి, పులి కనబడినా కనబడకపోయినా ఇంతే అని చెప్పండి. కనబడ్డాక ఇచ్చే ఆ ఐదువందల నోటు కోసమే బండి 20 మీటర్ల గీత దాటుతుంది.