డిస్కు డ్రైవు ఉన్న పీఎస్‌5: పాత గేములు కొని అమ్మిన మూడేళ్ల అనుభవం

నేను 2022 వేసవిలో సోనీ వారి గేమింగ్ కన్సోల్ పీఎస్‌5 (ప్లేస్టేషన్ 5) కొన్నప్పుడు డిస్కు డ్రైవు ఉన్న మోడలు 49,990 రూపాయలు, డ్రైవు లేని డిజిటల్ మోడలు 39,990 రూపాయలు. ఆ పది వేలు అదనంగా ఎందుకని ఇంట్లో అడిగితే, ఆడేసిన గేమును తిరిగి అమ్ముకోవచ్చని చెప్పాను. మూడేళ్లకు పైగా సెకండ్ హ్యాండ్ డిస్కులు కొని, ఆడి, కొద్దిపాటి లాభానికి అమ్ముతున్నాను గనుక, ఆ మాట ఎంతవరకు నిలబడిందో ఇప్పుడు చెప్పగలను.

ఆ పది వేలు ఏడాదిలోనే తిరిగి వచ్చాయి, అయితే లాభాల రూపంలో కాదు, కొత్త గేములకు పెట్టవలసిన డబ్బు మిగలడం వల్ల. కొత్తగా 4,999కు వచ్చిన గేమును కొన్ని నెలలాగి 2,000కు కొని, ఆడుకుని, 2,300కు అమ్మినా, అమీర్‌పేట మెట్రో స్టేషను దాకా వెళ్లి డిస్కు చేతికిచ్చి వచ్చే ఖర్చు, బయటి ఊరికైతే కొరియర్ ఖర్చు పోగా మిగిలేది 150 నుంచి 200 రూపాయలే. ఖర్చు లేకుండా ఆడుకోవాలనుకునేవారికి ఇది గిట్టుబాటవుతుంది. ఆదాయం కోసమైతే నేను సిఫారసు చేయను.

ఆ కాస్త లాభమూ కొనేటప్పుడు డిస్కును పరీక్షించే రెండు నిమిషాల మీదే ఆధారపడి ఉంటుంది. డీవీడీలో సమాచారపు పొర ఉపరితలానికి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటే, పీఎస్‌5 గేములు వచ్చే బ్లూ-రే డిస్కులో 0.1 మిల్లీమీటరు లోపలే ఉంటుంది కాబట్టి, దీన్ని అరగదీసి పాలిష్ పెట్టించడం కుదరదు. నేను డిస్కును అంచులతో పట్టుకుని ఫోను టార్చి వెలుగులో ఏటవాలుగా తిప్పి చూస్తాను. పైనున్న గట్టి పూత మీది వెంట్రుకవాసి గీతలు నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. నడిమి రంధ్రం చుట్టూ సన్నని బీట కనిపిస్తే మాత్రం ఎంత చవకైనా వదిలేయాలి. అలాంటి బీటను గమనించక ఒకసారి 1,700 పోగొట్టుకున్నాను: ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోయింది, అమ్మినవారు మళ్లీ ఫోను ఎత్తలేదు. రెండు డిస్కులతో వచ్చే గేముల్లో రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. పెట్టెలోని బోనస్ కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది కాబట్టి, అది వాడేసి ఉంటే కొనేవారికి ముందే చెప్పడం మన బాధ్యత.

ధర ఎప్పుడు పడిపోతుందో తెలియడం కూడా ముఖ్యమే. ఆన్‌లైన్ స్టోరులో తగ్గింపు ప్రకటించినా, చందా కట్టినవారికి గేములు ఇచ్చే సోనీ సేవ పీఎస్ ప్లస్‌లో ఆ గేమును చేర్చినా, డిస్కు అడిగేవారే ఉండరు. ఏటా కొత్తది వచ్చే ఫుట్‌బాల్ గేములను సెప్టెంబరుకు ముందే వదిలించుకోవాలి.

డ్రైవు ఇప్పటిదాకా ఒక్కసారీ మొరాయించలేదు. నేను అమ్మే ప్రతి పెట్టెలో కవరు కాగితం వెనుక పెన్సిలుతో తేదీ రాస్తాను. కిందటి నెల సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొన్న ఒక పెట్టె తెరిస్తే 2023 నాటి నా చేతిరాత కనిపించింది. డిస్కు మొదటిసారికే చదివింది.