పూల బొమ్మల కోసం లియోన్ దాకా

పూల బొమ్మలు పారిస్‌లో లేవా, దానికోసం ఇంకో ఊరు ఎందుకు అని మా ఆయన గునిశారు. ఎందుకు లేవు, అక్కడి ఓర్సే మ్యూజియంలోనే ఎద్వార్ మానే అనే చిత్రకారుడు 1864లో వేసిన చిన్న ఆయిల్ పెయింటింగ్ ఉంది, కోసి పడేసిన తెల్ల పియోనీలు, పక్కన కొమ్మలు కత్తిరించే కత్తెర, అంతే. వెడల్పు మూరెడు. మరీ దగ్గరికెళ్తే రేకులే ఉండవు, మీగడ పూసినట్టు మందంగా తెల్లరంగు. కానీ అక్కడ టికెట్ 16 యూరోలు, జనమంతా వాన్ గో గదుల్లో తోసుకుంటుంటారు. గురువారం రాత్రి 9:45 దాకా తెరిచి ఉంటుంది, పారిస్ ఒక్కటే చూసేవాళ్లు ఆ సాయంత్రం వెళ్లండి.

అందుకే ఫ్రాన్స్‌లోనే ఇంకో ఊరు లియోన్‌కి వెళ్లాం. పారిస్ నుంచి టీజీవీ అనే వేగం రైల్లో రెండు గంటలు. దిగింది మంగళవారం, మేం చూడాలనుకున్న లియోన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియానికి మంగళవారం సెలవు! తప్పు నాదే, చూసుకోకుండా బయల్దేరాను.

సరే అని మెట్రోలో క్రువా-రూస్ గుట్ట ఎక్కాం. ఒకప్పుడు పట్టు నేతగాళ్ల పేట అది. మేం తీసుకున్న అద్దె ఫ్లాట్ కూడా అక్కడే, నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఆ సంగతి బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు, ఓనరేమో ఫోన్ ఎత్తడు. రెండు సూట్‌కేసులతో మోకాళ్లు అరిగిపోయాయి. లోపలికెళ్తే పైకప్పు రెండు మనుషుల ఎత్తు, మంచమేమో అటక మీద! చిల్లులు పొడిచిన అట్టలతో డిజైన్ నేసే జాకార్డు మగ్గాలు పట్టాలని అంత ఎత్తుగా కట్టారట ఆ ఇళ్లు. నా పుట్టిల్లు ధర్మవరం, కాబట్టి ఆ మాట విన్నాక సగం కోపం పోయింది. దగ్గర్లోనే మెజోన్ దె కనూ అని మ్యూజియం ఉంది, మగ్గం మీద నేసి చూపిస్తారు. వివరించేది ఫ్రెంచిలో, అయినా నాకు ఇబ్బంది కాలేదు.

బుధవారం అసలు మ్యూజియం. 8 యూరోలు, జనం లేరు, పాత క్రైస్తవ సన్యాసినుల మఠం అది, మధ్యలో తోట ఉచితం. ఆంత్వాన్ బెర్జోన్ 1810లో వేసిన పళ్లూ పూల బుట్ట ముందు చాలాసేపు నిలబడ్డాను. ఈయన పట్టు బట్టలకు డిజైన్లు గీసినవాడు, తర్వాత 1823 దాకా ఇక్కడి ఆర్ట్ స్కూల్లో పూలు గీయడం నేర్పాడు. మానేలా ఊహకి వదిలేయడం ఈయన దగ్గర కుదరదు, ఏ రేకు ఎక్కడ మడత పడిందో, ఏది ముందు ఏది వెనుకో స్పష్టంగా ఉండాల్సిందే. ఆ స్కూల్లో పువ్వు గీస్తే అది రేపు గళ్ల కాగితం మీదికెక్కాలి, పోగు పోగుకీ లెక్క కట్టాలి, ఆ లెక్కన మగ్గం అట్టలకు చిల్లులు పడాలి. ఫోటో మా మేనత్తకు పంపితే "బాగుందే, ఎన్ని అట్టలు పడతాయో" అని అడిగింది. లియోన్‌కే చెందిన ఇంకో పూల చిత్రకారుడు సిమోన్ సాన్-జాన్ పెయింటింగ్స్ కూడా ఉన్నాయి, నా కంటికి మాత్రం కాస్త పెళ్లి మండపం అలంకరణలా అనిపించాయి.

తిండి విషయం, శాకాహారులు బూషోన్ అనే ఇక్కడి సంప్రదాయ భోజన హోటళ్ల జోలికి పోకండి, పంది మాంసం, పేగులు ఎక్కువ. మేం అన్నం వండుకున్నాం. రాత్రి బస చేసేవాళ్లు గుట్ట దిగువన, మ్యూజియం ఉన్న తెరో చౌరస్తా దగ్గర చూసుకోండి, లిఫ్ట్ ఉందా అని రాతపూర్వకంగా అడిగి మరీ.