కారుకు హెల్మెట్ చలానా: పరివాహన్, వర్చువల్ కోర్టు, ఈ-కోర్ట్స్ సేవలపై సమీక్ష

నిరుడు నా కారుకు హెల్మెట్ లేదని చలానా వచ్చింది. ఇంట్లో అందరూ నవ్వారు గాని, ఫోనుకు వచ్చిన సందేశంలో ఉన్న బండి నంబరు మాత్రం అక్షరాలా నాదే. పొరుగు రాష్ట్రంలోని ఒక నగరంలో కెమెరా తీసిన ఆ ఫొటోలో మోటారు సైకిలు మీద ఇద్దరు కుర్రవాళ్లు వెళుతున్నారు. నంబరు ప్లేటు మీద మట్టి అంటుకోవడంతో 3 అంకె 8లా కనిపిస్తోంది. విజయవాడలో ఉండే నేను ఆ నగరం ముఖం చూసి నాలుగేళ్లయింది. జరిమానా ఐదు వందలు కట్టేసి ఊరుకోమని మా తమ్ముడు చెప్పాడు. చేయని తప్పును ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ చలానా రద్దు కావడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఈలోగా ఇందుకోసం ఉన్న మూడు ప్రభుత్వ వెబ్‌సైట్లనూ కావలసినంత వాడాను.

మొదటిది కేంద్ర రవాణా శాఖవారి పరివాహన్ ఈ-చలానా. ఇందులో చలానా నంబరుతో గాని, బండి నంబరుతో గాని, డ్రైవింగ్ లైసెన్సు నంబరుతో గాని వెతకవచ్చు. బండి నంబరుతో వెతికేటప్పుడు చాసిస్ లేదా ఇంజిన్ నంబరులోని చివరి అంకెలు కూడా అడుగుతుంది కాబట్టి ఆర్‌సీ దగ్గర పెట్టుకొని కూర్చోవడం మంచిది. తెలంగాణ పోలీసులకు విడిగా సొంత ఈ-చలానా వెబ్‌సైటు ఉంది. హైదరాబాదులో తిరిగే బండ్లవారు అక్కడ కూడా చూసుకోవాలి. ఆ వెబ్‌సైటులో జరిమానాతో పాటు యూజర్ చార్జీల పేరుతో మరో 35 రూపాయలు కనిపించడం, 2022 మార్చిలోనూ 2023 డిసెంబరు చివరిలోనూ పాత చలానాలపై భారీ రాయితీలు ఇవ్వడం ద్విచక్ర వాహనాలవారికి బాగా తెలిసిన సంగతులే. మొదటిసారి 75 శాతం, రెండోసారి 80 శాతం తగ్గింపు ఇచ్చినప్పుడు, చలానా వచ్చిన రోజే బుద్ధిగా కట్టినవారి మొహాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోవలసిందే.

చలానా చేతికి రాగానే సొమ్ము ఎంతో చూడడం కన్నా ఫొటో చూడడం ముఖ్యమని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. కెమెరాల ద్వారా వేసే చలానాల కోసం కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 2021 ఆగస్టులో 167ఎ అనే నియమాన్ని చేర్చారు. నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే ఫొటో, తేదీ, సమయం, స్థలం, ఉల్లంఘించిన సెక్షను నోటీసులో ఉండాలనీ, తప్పు జరిగిన పదిహేను రోజులలోగా నోటీసు పంపాలనీ, కెమెరా పరికరానికి ఏటా ఆమోద పత్రం తీసుకోవాలనీ అప్పుడు వచ్చిన ఆ నియమం చెప్పింది. నాకు వచ్చిన చలానాలో తేదీ, సమయం, స్థలం అన్నీ సక్రమంగానే ఉన్నాయి; బండి మాత్రమే నాది కాదు. ఆ నగర పోలీసులకు ఆర్‌సీ నకలు, కారు ఫొటో జతచేసి రెండుసార్లు రాశాను. ఏ జవాబూ రాకుండానే చలానా కోర్టుకు వెళ్లిపోయింది.

ఇక రెండోది, వర్చువల్ కోర్టు. 2019లో ఢిల్లీలో మొదలై తరువాత చాలా రాష్ట్రాలకు విస్తరించిన ఈ ఏర్పాటులో, ట్రాఫిక్ చలానా ఆన్‌లైనులోనే న్యాయమూర్తి ముందుకు వెళుతుంది, జరిమానా ఎంతో అక్కడే నిర్ణయమవుతుంది, బండి యజమాని కోర్టు మెట్లు ఎక్కకుండానే కట్టేయవచ్చు. మొదట ఏ రాష్ట్ర ట్రాఫిక్ విభాగమో ఎంచుకొని, తరువాత మొబైల్ నంబరు, చలానా లేదా బండి నంబరు, పేరు, సీఎన్ఆర్ నంబరు (కోర్టు కేసుకు ఇచ్చే గుర్తింపు) వీటిలో ఏదో ఒకదానితో కేసును వెతకాలి. తప్పు చేసి ఒప్పుకునేవారికి ఇంతకన్నా తేలికైన పద్ధతి ఉండదు; ఫోనుకు వచ్చే ఓటీపీ కొట్టి, సొమ్ము కట్టి, రసీదు తీసుకుంటే పని అయిపోతుంది. ఒకప్పుడు ఇదే పనికి ఒక పూట సెలవు పెట్టి, మేజిస్ట్రేటు కోర్టు వరండాలో పేరు పిలిచేదాకా నిలబడిన మా నాన్నగారి తరంవారు చూస్తే ఆశ్చర్యపోతారు.

తప్పు చేయలేదనేవారికి దారి వేరు. కట్టే బటను పక్కనే, కేసును ఎదుర్కొంటానని తెలిపే మరో బటను ఉంది. అది నొక్కితే కేసు ఆన్‌లైను నుంచి ఆ ప్రాంతంపై అధికారం ఉన్న మామూలు కోర్టుకు బదిలీ అవుతుంది. అంటే చలానా పడిన ఊరికి మీరే వెళ్లాలి, లేదా వకీలును పెట్టుకోవాలి. దూరాన ఉన్నవారిలో అత్యధికులు ఇక్కడే చేతులెత్తేస్తారని నా అనుమానం, ఎందుకంటే నాకు రానూపోనూ బస్సు ఖర్చు, భోజనం కలిపి పదిహేడు వందలు దాటింది. ఐదు వందల జరిమానా తప్పించుకోవడానికి పదిహేడు వందలు ఖర్చు పెట్టినవాణ్ని అని మా తమ్ముడు ఇప్పటికీ దెప్పుతుంటాడు.

బదిలీ అయిన కేసు ఏ కోర్టులో ఉందో, వాయిదా ఎప్పుడో తెలుసుకునేది మూడోదైన ఈ-కోర్ట్స్ సేవల వెబ్‌సైటులో. దీనికి మొబైల్ యాప్ కూడా ఉంది. మొత్తం మీద ఈ మూడింటిలో నేను ఎక్కువ మార్కులు వేసేది దీనికే. జిల్లా కోర్టులలోని ప్రతి కేసుకూ సీఎన్ఆర్ అనే పదహారు అక్షరాంకెల గుర్తింపు ఉంటుంది. అది చేతిలో ఉంటే కోర్టు పేరు, దాఖలైన తేదీ, గత వాయిదాలు, రాబోయే వాయిదా అన్నీ ఒకే తెరపై కనిపిస్తాయి. సీఎన్ఆర్ తెలియనివారు రాష్ట్రం, జిల్లా, కోర్టు ప్రాంగణం వరుసగా ఎంచుకొని, పేరుతోనో కేసు నంబరుతోనో వెతుక్కోవాలి. పేరుతో వెతకడంలో మన తెలుగువారికి ఒక చిక్కుంది. ఇంగ్లీషు అక్షరాలలో శ్రీనివాస్‌ను నాలుగు రకాలుగా, లక్ష్మిని రెండు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట చివర ఉంటుంది. అందువల్ల పూర్తి పేరు కొట్టి ఏమీ దొరకలేదని దిగులు పడకుండా, పేరులోని మొదటి మూడు నాలుగు అక్షరాలు మాత్రమే ఇచ్చి, సంవత్సరం మార్చి మార్చి, పెండింగులో ఉన్నవాటితో పాటు ముగిసిన కేసులలో కూడా చూడాలి. మన రెండు రాష్ట్రాలలో వెతికేటప్పుడు కేసు రకం దగ్గర ఎస్‌టీసీ అనే పొట్టి పేరు గుర్తుంచుకోవడం మంచిది. చిన్న నేరాలపై సంక్షిప్త విచారణ కేసులు దాని కింద ఉంటాయి. వీసాకో ఉద్యోగానికో పాత కేసు ముగిసిందని రుజువు కావలసినవారికి తెరమీది ముద్రణ సరిపోదు; ఆ కోర్టులో దరఖాస్తు పెట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి.

వాయిదా రోజున కోర్టులో నాకు పట్టిన సమయం, పిలుపు కోసం ఎదురుచూసిన మూడు గంటలు తీసేస్తే, నాలుగు నిమిషాలు. న్యాయమూర్తి ఫొటో చూశారు, ఆర్‌సీలో మోటారు కారు అన్న మాట చూశారు, మళ్లీ ఫొటో చూసి చిన్నగా నవ్వారు.

ఈ మధ్యలో ఒక ప్రైవేటు యాప్‌వారు మూడు వందల రుసుము తీసుకొని, లోక్ అదాలత్‌లో సగానికి సెటిల్ చేయిస్తామని చెప్పి ఆ తరువాత ఫోను ఎత్తడం మానేశారు. లోక్ అదాలత్‌కు ఎవరైనా నేరుగా వెళ్లవచ్చు, అక్కడి తీర్పుపై అప్పీలు ఉండదు, కాని అది రాజీకి ఒప్పుకునేవారి వేదిక. తప్పే చేయలేదనేవారికి పనికిరాదు. మద్యం తాగి బండి నడిపిన కేసులకు ఆన్‌లైనులో కట్టేసే తేలిక దారి వర్తించదు. మోటారు వాహనాల చట్టం 185 సెక్షను కింద మొదటిసారికే పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. న్యాయమూర్తి ముందు నిలబడక తప్పదు. చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) వస్తే మాత్రం తెరవకండి, అది మీ బ్యాంకు ఖాతా ఖాళీ చేయడానికి వచ్చినది. అసలైన పరివాహన్, వర్చువల్ కోర్టు, ఈ-కోర్ట్స్ చిరునామాలు మూడూ డాట్ గవ్ డాట్ ఇన్‌తోనే ముగుస్తాయి.

ఐదింటికి పరివాహన్‌కు మూడు, వర్చువల్ కోర్టుకు కట్టేవారి తరఫున నాలుగున్నర, ఎదుర్కొనేవారి తరఫున రెండు, ఈ-కోర్ట్స్‌కు నాలుగు వేస్తాను. దూరాన ఉన్నవాడు వీడియో ద్వారా ఆర్‌సీ చూపించి వాదన చెప్పుకునే వీలు ఇస్తే ఆ రెండు నాలుగవుతుంది. కోర్టు ఉత్తర్వు నకలును కారు డాష్‌బోర్డులో ఆర్‌సీ పక్కనే పెట్టాను. ఆ మోటారు సైకిలు మట్టి ఇంకా కడిగి ఉండరు.