బొంతల మిషన్ వచ్చింది, మంచం జరిగింది

పాత చీరలతో బొంతలు కుడదామని మిషన్ కొని మూడు నెలలైంది. షాపు గవర్నర్‌పేటలో, పేరు వద్దులెండి. ఆయన వందల రకాల కుట్లు, పూల డిజైన్లు చూపిస్తూనే ఉన్నాడు కానీ నాకు కావాల్సింది ఒక్కటే, సూదికీ కుడివైపు స్తంభానికీ మధ్య ఖాళీ ఎంత అని. టేపు తీసి నేనే కొలిస్తే ఆరున్నర అంగుళాలు. డబుల్ కాట్ బొంతని చుట్టగా చుట్టి అందులో దూర్చాలంటే భుజాలు పడిపోతాయి, అందుకే ఇంకాస్త డబ్బు పెట్టి 9 అంగుళాలది తీసుకున్నా. ఫ్రేమ్ మీద నడిచే లాంగ్ ఆర్మ్ మిషన్ మా సత్యనారాయణపురం పోర్షన్‌లో పెడితే మేం వరండాలో పడుకోవాలి!

డెలివరీలో వాకింగ్ ఫుట్ (పై బట్టని కూడా కింది బట్టతో సమానంగా జరిపే పాదం) మాత్రం రాలేదు. ఇస్తామన్న వస్తువే, నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఇరవై రోజులకి పంపారు. అది లేకుండా మూడు పొరలు కలిపి కుడితే కింది బట్టని మిషన్ బల్ల మీది పళ్ళు లాక్కెళ్లిపోయి, పై చీర వెనకబడి ముడతలు పడింది. ఆ వరస మొత్తం విప్పాను.

మొదట బల్లని గోడకి ఆనించి పెట్టా, అది నా తప్పే. బొంత వెనక్కి పోయే దారి లేక గోడకి తగిలి కుట్లు చిన్నవైపోయాయి. ఇప్పుడు మంచం కిటికీ వైపు నెట్టి, వెనక రెండడుగులు వదిలి, ఎడమపక్క ఇస్త్రీ బల్ల వేశా, బరువంతా దాని మీదే. మన ఎండల్లో ఫ్యాన్ ఆపలేం, వేస్తే దూది ఎగిరి బాబిన్ గూట్లో చేరుతుంది. బాబిన్ మార్చిన ప్రతిసారీ బ్రష్ పెట్టాల్సిందే.

మిషన్‌కి ఐదుకి నాలుగున్నర, షాపుకి రెండు.