క్లాయిస్టర్స్ మూలికల తోట: మిరప మొక్క లేని వంట మడి

న్యూయార్క్ వచ్చిన మనవాళ్లు టైమ్స్ స్క్వేర్, లిబర్టీ విగ్రహం చూసి వెళ్లిపోతుంటారు. మొక్కల పిచ్చి ఉంటే ఒక పూట మిగుల్చుకొని ‘A’ అనే సబ్‌వే ట్రైన్‌లో 190వ వీధి స్టేషన్ దాకా వెళ్లండి, అక్కడి నుంచి ఫోర్ట్ ట్రయాన్ పార్కులో నడుచుకుంటూ వెళ్తే క్లాయిస్టర్స్ వస్తుంది. మధ్యయుగపు యూరప్ కళకి ఉద్దేశించిన మ్యూజియం ఇది, మెట్ (మెట్రోపాలిటన్ మ్యూజియం) వాళ్లదే, 1938లో తెరిచారు.

లోపలి తోటల్లో నన్ను కట్టిపడేసింది బాన్‌ఫాంట్ మూలికల తోట. మధ్యయుగపు యూరప్‌లో పెంచిన మొక్కలే ఇక్కడ ఉంటాయి. ఏమేం పెంచేవారో తెలియడానికి షార్లమేన్ అనే యూరప్ చక్రవర్తి కాలపు ఆజ్ఞాపత్రం లాంటివి ఉన్నాయి, రాజుగారి తోటల్లో ఏ మొక్కలు ఉండాలో అందులో పేరుపేరునా రాశారు. టమాటా, బంగాళాదుంప, మిరప వెతికినా దొరకవు, అవి 1492 తర్వాతే అమెరికా ఖండం నుంచి వచ్చాయి. ఆ రోజుల్లో మన పులుసులోనూ మిరియాల కారమే కదా.

మడులు ఎత్తుగా కట్టి చుట్టూ పుల్లలతో దడి అల్లారు, అచ్చం మన పల్లెల్లోలాగే. వంటకి, వైద్యానికి, రంగులకి అంటూ వాడకాన్ని బట్టి మొక్కల్ని విడదీశారు. మాది పెడన, కలంకారీ ఊరు, అందుకే రంగుల మడి దగ్గరే చాలాసేపు ఉండిపోయాను. వోడ్ అనే మొక్క చూడ్డానికి ఏదో ఆకుకూరలా ఉంటుంది, పువ్వులేమో పసుపు, ఆ పచ్చటి ఆకులోంచి వచ్చేది మాత్రం నీలం, మన నీలిమందులో ఉన్న రంగు పదార్థమే! ఎరుపు రంగిచ్చే మ్యాడర్ మొక్కని వంగి దగ్గరగా చూస్తే కాడల మీద సన్నని ముళ్లు, కణుపు కణుపుకీ చుట్టూ ఆకులు. ఎరుపంతా వేరులోనే. మన చిరివేరుదీ అదే కుటుంబం, అందులోనూ ఎరుపు వేరులోనే ఉంటుంది.

ఒక్క మాట, అన్నీ పాతకాలపు మొక్కలే కావాలనుకుంటే మధ్యలోని కుషా తోట చూసి నిరుత్సాహపడకండి, అక్కడ ఇప్పటి పూలు కూడా కలిపి వేశారు. మూలికల తోటలో విషపు మొక్కలూ ఉన్నాయి, పిల్లల చెయ్యి వదలొద్దు. గోడ మీంచి చూస్తే హడ్సన్ నది, అవతలి ఒడ్డున అడవి. ఆ దృశ్యం చెడిపోకూడదని ఈ మ్యూజియానికి డబ్బిచ్చిన కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ జూనియర్ అక్కడి భూమి కూడా కొన్నారు.

జూన్, జులైలలో వెళ్లండి, చలికాలంలో మడులు బోసిగా ఉంటాయి. పెద్దలకు టికెట్ 30 డాలర్లు, అదే రోజు పెద్ద మెట్‌కీ పనికొస్తుంది, కానీ రెండూ ఒక్కరోజే పెట్టుకుంటే పరుగులాటే. తోటకే రెండు గంటలు ఉంచుకోండి. బుధవారం సెలవు.